తమ్ముడి కోసం తొక్కిన మూడు గడపలు

మొత్తం కలిపినా రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ ఉండే ప్రయాణం ఇది. దారిలో కొండలున్నాయి, కోటలున్నాయి, ఆదివారం బెంగళూరు జనం కార్లేసుకుని వచ్చి ఫోటోలు దిగే చోట్లున్నాయి. మేము వాటిలో ఒక్కటీ చూడలేదు. మూడిళ్ళు చూసి వచ్చాము. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఈ దారి పట్టే అవసరం ఎవరికీ రాకూడదు గానీ, వచ్చేవాళ్ళకు వస్తూనే ఉంటుంది.

మా తమ్ముడు మురళికి ముప్పై ఎనిమిదేళ్ళు. బాగేపల్లిలో బట్టల అంగడి. పోయిన వానాకాలంలో చిగుళ్ళ నుంచి రక్తం కారుతోందని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన పంటిని ముట్టుకోకుండా రక్త పరీక్షకు పంపాడు. రక్త క్యాన్సరని తేలింది. బెంగళూరులో నాలుగు నెలలు మందులెక్కించాక అణిగింది. అణిగిందే గానీ పోలేదు, మళ్ళీ తల ఎత్తకముందే మూలుగ మార్చాలి అన్నాడు డాక్టరు. ఎముక లోపల రక్తాన్ని పుట్టించే గుజ్జును మా వైపు మూలుగ అంటారు. వాడిది మందులతో మొత్తం చంపేసి, సరిపోయిన మనిషి నుంచి తీసినది రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారట. సరిపోయింది నాదే. మా అమ్మానాన్నలకు మేమిద్దరమే.

ఎక్కడ చేయించాలన్నది మాత్రం డాక్టరు మాకే వదిలేశాడు. ఒకటి బెంగళూరులో, వాడికి మందులిచ్చిన ఆసుపత్రే. ఇంటికి రెండు గంటల దూరం. అక్కడ ఈ పని మొదలుపెట్టి కొన్నేళ్ళే అయింది, వాడి జబ్బుకు చేసినవి తక్కువేనని ఆ డాక్టరే దాచకుండా చెప్పాడు. ఇంకొకటి పక్క రాష్ట్రంలో, ఏడు గంటల దూరంలో. చేయి తిరిగినవాళ్ళు. ఇలాంటివి ఎన్నో చూసిన చోటు. అక్కడికి వెళితే నూరు రోజులు ఆసుపత్రి పక్కనే గది తీసుకుని ఉండాలి. వారంలో తేల్చుకోమన్నాడు.

చింతామణిలో మా ఆయనా నేనూ స్టీలు పాత్రల అంగడి నడుపుతాము. కొత్త చోటు నుంచి సరుకు తెప్పించే ముందు, అక్కడి సరుకు వాడిన ముగ్గురిని అడగడం మా మామగారి కాలం నుంచి ఉన్న పద్ధతి. దీనికీ అదే చేశాను. ఊళ్ళో రక్తదాన శిబిరాలు పెట్టే ఆయన మూడు పేర్లు రాసిచ్చాడు. పరగోడులో ఒకరు, చిక్కబళ్ళాపురంలో ఒకరు, సాదలిలో ఒకరు. సాదలి ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు, భార్య ఉంది, ఆమెను అడగండి అన్నాడు.

బయటికి రాగానే ఆ మూడో పేరు కొట్టేశాను. మంచి జరగాలని బయల్దేరి, మనిషి పోయి ఏడాది తిరగని ఇంటి గడప తొక్కడం మా వాళ్ళలో లేదు. పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళయితే ఆ వీధినే తప్పించుకుని పోతారు. నేను బి.కాం. చదివినదాన్ని. అయినా కొట్టేశాను.

బాగేపల్లి

అంగడి ఆమ్నీ వ్యాన్ నేనే నడుపుతాను. బస్సులో జనం మధ్య వాడు కూర్చోకూడదు కాబట్టి వ్యాన్‌లోంచి బిందెలూ గుండిగలూ దించేసి, సీట్లు డెట్టాల్ నీళ్ళతో తుడిచి, తెల్లారకముందే బయల్దేరాను. చేలూరు దారిలో మంచు పట్టింది. బాగేపల్లి చేరేసరికి మురళి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖానికి మాస్కు, తలకు ఉన్ని టోపీ. తన అంగడిలోదే కొత్త చొక్కా తొడుక్కున్నాడు, మామూలుగా వేసుకునేదానికన్నా రెండు సైజులు చిన్నది. అది కూడా భుజాల మీద వదులుగానే ఉంది.

"ఏమిరా, పెండ్లికొడుకు మాదిరి తయారైనావు" అన్నాను.

"ఈసారి కట్నం నువ్వే గదా అక్కా ఇచ్చేది. ఎముకల్లోనుంచి" అన్నాడు.

వాడి భార్య సుధ నవ్వలేదు. పిల్లలిద్దరూ బడికి వెళ్ళిపోయారట. వాడు ఏం తినొచ్చో ఏం తినకూడదో రాసిన కాగితం వంటింటి తలుపుకు అంటించి పెట్టుకుంది. పచ్చి కూరలు లేవు, పెరుగు లేదు, ఊరగాయ లేదు, కోసి పెట్టిన పండు లేదు, బయటి తిండి అసలే లేదు. వండింది వేడి ఆరకముందే తినాలి. మా ఇళ్ళల్లో ఇంటికొచ్చిన మనిషికి తిండి పెట్టకపోతే అవమానం, తినకపోతే అంతకన్నా అవమానం. అలాంటిది ఈ మూడు రోజులూ ఒక్క ఇంట్లో తప్ప వద్దు, వద్దు అని చేతులు జోడించడమే మా పనైంది.

ఊరు దాటే చోట బండి మీద మిరపకాయ బజ్జీలు కాలుతున్నాయి. నాలుగు ముప్పై రూపాయలు. నా కడుపులో ఏమీ లేదు. తీసుకుని వ్యాన్ వెనక నిలబడి, వాడికి కనపడకుండా తిన్నాను. ఎక్కి కూర్చోగానే "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత మూడు రోజులూ వాడు తినేదే నేనూ తిన్నాను.

పరగోడు

చౌడప్పకు యాభై ఆరేళ్ళు. టమాటా తోటలో డబ్బాలకెత్తిస్తూ మా కోసం ఎదురుచూస్తున్నాడు. మమ్మల్ని చూడగానే నిండు డబ్బా ఒకటి ఎత్తి భుజాన పెట్టుకుని పది అడుగులు నడిచి చూపించాడు.

"చూడప్పా, ఇట్లుండాను నేను. రెండేండ్ల కింద మంచంలోనుంచి లేయలేకుంటి. బెంగళూరులోనే చేయించినాను. మూడు వారాలకి ఇంటికొచ్చేస్తిని. దూరం పోయేదెందుకు, మనకి పక్కనే ఉండాది గదా" అన్నాడు.

"నొప్పి ఉంటుందా అప్పా?" అని మురళి అడిగాడు.

"నోరంతా పుండ్లు పడతాది. పది దినాలు నీళ్ళు కూడా మింగలేవు. ఆమేలంతా సరిపోతాది." ఆమేల అంటే ఈ వైపు తర్వాత అని.

తోటలో కూర్చోబెట్టి ఆ ఆసుపత్రిలో ఏ అంతస్తు, ఏ నర్సు మంచిది, గది కిటికీ ఎటు వైపు, అన్నీ చెప్పాడు. అక్కడే చేరతామని మాట ఇచ్చేదాకా వదిలేట్టు లేడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి. కానీ ఆ మనిషి ఎదురుగా బతికి ఉన్నాడు, డబ్బా మోస్తున్నాడు. వాదించడానికి నా దగ్గర ఏముంది? వ్యాన్ ఎక్కాక మురళి ఈల వేశాడు. మాస్కు లోపల ఈల సరిగ్గా పలకలేదు. అయినా ఆరు నెలల తర్వాత విన్నాను ఆ ఈల. బెంగళూరే అని నేనూ మనసులో అనేసుకున్నాను. ఆ పూట బాగేపల్లిలోనే ఉండిపోయాము.

చిక్కబళ్ళాపురం

రెండో రోజు హైవే మీద వెళుతుంటే ఎడమ పక్క ద్రాక్ష పందిళ్ళు. పూల మార్కెట్టు దగ్గర బండ్లు ఆగిపోయి అరగంట కదల్లేదు. గులాబీలు గోతాల్లో పోసి అమ్ముతున్నారు, కేజీ అరవై అన్నారు. మా చింతామణిలో మూర లెక్కన బేరమాడే పువ్వులు ఇక్కడ పారతో ఎత్తుతారు. సుధ కోసం కొందామా అంటే మురళి చేయి అడ్డం పెట్టాడు. వాడున్న చోట పువ్వులు కూడా ఉండకూడదట. కాగితంలో ఉందట. నేను అంతవరకు చదవలేదు.

అక్కడే తెలిసింది, వాడి అన్నం పెట్టిన వేడి ఆరని క్యారియరు బాగేపల్లిలో మరచిపోయామని. నన్ను నేను తిట్టుకున్నంత గట్టిగా మా అత్త కూడా ఎప్పుడూ తిట్టలేదు.

గాయత్రమ్మ తాలూకు కచేరీలో గుమాస్తా. నలభై దాటిన మనిషి. నల్ల కళ్ళద్దాలు ఇంట్లో కూడా తీయలేదు. సంగతి చెప్పగానే స్టవ్వు వెలిగించింది. "మీ ఎదుటనే చేస్తాను, చూసుకోండి" అని గిన్నెలు మరిగే నీళ్ళతో కడిగి, వేడి సంగటి, పితికిపప్పు పులుసు చేసి వడ్డించింది. అనపగింజలు అప్పుడే పితికినవి. మురళి రెండు ముద్దలు తిన్నాడు. వాడు తింటుంటే నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను, ఏడుపొచ్చి.

తిన్నాక పరగోడు చౌడప్ప సంగతి చెప్పాను. మూడు వారాలకే ఇంటికొచ్చాడట అన్నాను. గాయత్రమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఆయప్పకి ఎవురిది ఎక్కించినారు?"

ఆ మాట నేను అడగలేదు. ముగ్గురిని అడిగి సరుకు కొనే మనిషిని, అసలు మాట అడగలేదు. అక్కడే ఫోన్ చేశాను. నాదే నాకు తీసి మళ్ళీ ఎక్కించినారమ్మా అన్నాడు చౌడప్ప, గర్వంగానే.

"అది వేరే జబ్బు, వేరే పని. ఆయప్పది ఆయప్పకే పోయింది, కొట్లాట లేదు" అంది గాయత్రమ్మ. "నాకి నా తమ్ముడిది ఎక్కినాది. వాడి రక్తం లోపలికొచ్చి నా ఒంటిని చూసి ఇది యాడిదో పరాయిది అనుకునింది. చర్మం కొరికినాది, కండ్లలో నీళ్ళు ఎండగొట్టినాది. మూడేండ్లయింది. గంటకొకసారి చుక్కలు ఏసుకోవాల. మీకీ ఆ కొట్లాట రావచ్చు. రాకపోనూ వచ్చు. వస్తే అది తెలిసిన డాక్టరు పక్కనే ఉండాల."

ఆమె చేయించుకున్నది దూరపు ఆసుపత్రిలో. అక్కడికే వెళ్ళమంటారా అని అడిగాను.

"నేను చెప్పను. బతికినోళ్ళని అడిగితే బతికిన కతే చెప్తారు. సాదలికి పోండి. ఆ పోయినాయన, నేను ఆ ఆస్పత్రిలోనే చెకప్పులప్పుడు కలిసేవాళ్ళం. ఆయమ్మని అడగండి."

ఏడాది తిరగలేదు కదమ్మా అని నసిగాను. ఆమె నల్లద్దాల వెనక నుంచి నన్ను చూసింది.

"మీ తమ్ముడికి ఎన్ని దినాలు టైమిచ్చినారు?"

పొద్దున్నే సాదలి పోవాలని, మురళికి శుభ్రంగా ఉండే చోటు చూసి ఆ ఊళ్ళోనే గది తీసుకున్నాను. దుప్పట్లు మావే పరిచాను.

సాదలి

మూడో రోజు శిడ్లఘట్ట దాటాక దారికి రెండు వైపులా మల్బరీ. ఊరి మొదట్లో వ్యాన్ ఆపి మురళిని లోపలే కూర్చోమన్నాను. అద్దాలు ఎత్తేశాను. నేనొక్కదాన్నే పోతే దోషం నాకే ఉంటుందని నా లెక్క.

పోయినాయన భార్య మునిలక్ష్మికి ముప్పై అయిదేళ్ళు కూడా ఉండవు. పట్టుపురుగుల షెడ్డు గుమ్మంలో మల్బరీ ఆకు కత్తిరిస్తోంది. నేను దగ్గరికి రాబోతే చేయెత్తి ఆపింది.

"ఆ తొట్టిలో కాళ్ళు చేతులు కడుక్కోండమ్మా. బ్లీచింగు కలిపింది. పురుగు నాలుగో జ్వరంలో ఉండాది."

పట్టుపురుగు చర్మం విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని ఈ వైపు జ్వరం అంటారు. అప్పుడు బయటి మైల ఏది తగిలినా షెడ్డు షెడ్డంతా పోతుంది. మైల పడుతుందని ఆమె గడప తొక్కడానికి భయపడి వచ్చాను నేను. ఆమె నన్నే కడుక్కోమంది. కడుక్కున్నాను.

వచ్చిన పని చెప్పాను. ఆమె ఆకు కత్తిరిస్తూనే మాట్లాడింది.

"మా ఆయనకి ఎక్కింది అమ్మా. నలభై దినాలకే రక్తం బాగా పుట్టినాది. డాక్టర్లు సంతోషపడినారు. అరవై దినాలయినంక ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అని ఒకటే పోరు. ఆడ మాట రాదు, తిండి పడదు, నాలుగు గోడల గది. ఏడ్చినాడు. అంత మనిషి. పిల్లోళ్ళని చూడాల, తోట చూడాల అని. నాకి జాలయింది. వాళ్ళు వద్దు వద్దన్నా సంతకం పెట్టి పిలుచుకొచ్చేస్తిని."

వెనక అడుగుల చప్పుడైంది. మురళి వచ్చేశాడు. నేనేమీ అనకముందే తొట్టి దగ్గర వంగి చేతులు కడుక్కుంటున్నాడు. మునిలక్ష్మి వాడి టోపీని, మాస్కును చూసి లేచి, అరుగు మీద తడిగుడ్డతో తుడిచి చోటు చూపించింది.

"ఆమేల?" అన్నాడు మురళి.

"వచ్చిన పన్నెండో దినం పొద్దున జ్వరమొచ్చె. శిడ్లఘట్టకి పోతిమి, ఆడ చిక్కబళ్ళాపురం పొమ్మనిరి, ఆడ బెంగళూరు పొమ్మనిరి. ఎవురిదీ తప్పు లేదప్పా. ఆయన తినే మందులు వాళ్ళెవురికీ కొత్త. దూరపు ఆస్పత్రికి ఫోన్ చేస్తే జ్వరం తగిలిన గంటలోపల సూది పడాల అనిరి. అప్పుటికి ఆరు గంటలయిపోయుండాది."

కత్తిరించిన ఆకును బుట్టలోకి తోసింది. ఆమె వేళ్ళు ఆగలేదు.

"ఈ షెడ్డులోకి నా అత్తనే రానీను. కాళ్ళు కడక్కుండా వస్తే తిడతాను. పురుగు మింద నాకి జాలి లేదు, అందుకే బతకతాది. ఆయన మింద జాలి పడితిని."

నేను అడగలేని మాట మురళి అడిగాడు. "పోయే ముందర ఏమన్నా అన్నాడామ్మా?"

"అన్నాడు. ఇంటికి తెచ్చినావు, మంచి పని చేసినావు అన్నాడు."

ఆమె అప్పుడు కూడా ఏడవలేదు. కాఫీ ఇవ్వాలని లేచి, వాడిని చూసి, మళ్ళీ కూర్చుంది. మేము వచ్చేటప్పుడు పోయొస్తాం అని కూడా అనలేదు. మా వైపు అలాంటి ఇంట్లో పోయొస్తాం అనకూడదు, లేచి వచ్చేయాలి. అది మాత్రం పాటించాను. పాటించినందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యంగానే ఉంది.

చింతామణి దారి

ఆ రాత్రికి వాడిని మా ఇంటికే తీసుకెళుతున్నాను. ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుని ఒకే కథ విన్నాము. నాకు ఒకటి అర్థమైంది, వాడికి ఇంకొకటి.

"బెంగళూరే అక్కా" అన్నాడు మురళి, నాలుగు కిలోమీటర్లు వచ్చాక. "విన్నావు గదా. బతికితే యాడైనా బతకతాను. పోయేదైతే ఇంటికి దగ్గర పోతాను. పిల్లోళ్ళు వచ్చి చూస్తారు. ఆయనన్న మాట విన్నావా, మంచి పని చేసినావు అన్నాడు."

"విన్నాను. ఆయమ్మ మొగం కూడా చూసినాను."

"ఆ గదిలో నూరు దినాలు నేనుండలేనక్కా."

చిన్నప్పుడు బావి దగ్గర పాము కనిపించినప్పుడు ఇదే గొంతుతో అక్కా అన్నాడు. ఆ రోజు వాడిని ఎత్తుకుని పరుగెత్తాను. ఇప్పుడు ఎత్తుకోవడానికి లేదు. వ్యాన్ రోడ్డు పక్కకు తీసి ఆపాను. టమాటా లారీలు ఒకదాని వెనక ఒకటి మమ్మల్ని ఊపేస్తూ పోతున్నాయి.

"దూరపు ఆస్పత్రి అయితేనే ఇస్తాను. ల్యాకుంటే నా మూలుగ ఇయ్యను" అన్నాను.

వాడు నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇయ్యకపోతే నేను పోతాను. తెలుసు గదా?"

"తెలుసు."

అబద్ధం చెప్పాను. వాడు ఎక్కడ అడిగితే అక్కడ ఇచ్చేదాన్ని. ఆ రోడ్డు పక్కనే, ఆ దుమ్ములోనే పొడిచి తీసుకోమన్నా ఇచ్చేదాన్ని. వాడికి అది తెలియదో, తెలిసీ ఊరుకున్నాడో నాకు తెలియదు. చింతామణి ఇళ్ళు కనిపించేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు. ఆ తర్వాత "నీ ఇష్టం" అన్నాడు. అదే ఆఖరు మాట. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

మర్నాడు దూరపు ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ అడిగాను. ఇచ్చారు. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి పద్ధతంతా చెప్పింది. వెళ్ళగానే నన్ను వేరే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, ఇష్టపడే ఇస్తున్నారా, ఎవరైనా బలవంతం చేశారా అని అడుగుతారట. నిజమే చెప్పొచ్చు. నన్నెవరూ బలవంతం చేయలేదు.

సుధ పిల్లలతో బాగేపల్లిలోనే ఉంటుంది. మా పాత్రల అంగడి మా ఆయన చూసుకుంటాడు. నూరు రోజులూ వాడి పక్కన ఉండేది నేనే. నా మీద కోపంతో ఉంటే ఉండనీ, ముఖం గోడకు తిప్పుకుని పడుకోనీ. అరవయ్యో రోజుకో డెబ్బయ్యో రోజుకో వాడు నోరు విప్పుతాడు. ఇంటికి పోదాం అక్కా అని ఏడుస్తాడు. నేను తీసుకురాను.